ఖాళీ పేజీని ఖాళీ చేసిన కథ

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోకి వస్తున్న పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఏ టూల్ నేర్చుకోవాలని. రెండోది, ఈ ఉద్యోగం ఎన్నాళ్లుంటుందని. రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. నేను చేరినప్పుడు నేర్చుకున్న టూల్ పేరు చెబితే మీరు నవ్వుతారు. ఉద్యోగం ఉండదని అప్పటినుంచీ అంటూనే ఉన్నారు. నేను మాత్రం చెన్నైలో ఈ పని చేస్తూ చేస్తూనే జుట్టు నెరిపించుకుని, మొన్న ఆఫీసువాళ్ల చేత శాలువా కప్పించుకుని ఇంటికొచ్చాను.

కాబట్టి టూల్స్ సంగతీ ప్రమోషన్ల సంగతీ వదిలేసి అసలు ఈ పని ఏమిటో చెబుతాను. ఎవరో కట్టిన ఇంట్లో అందరికంటే ముందు మనం కాపురం పెట్టి చూడటం. కట్టినవాడికి గోడలు కనిపిస్తాయి. ఉండేవాళ్ల తలకు గుమ్మం తగులుతుంది. ఆ గుమ్మం ఎక్కడుందో చెప్పడమే మన పని. చెప్పినందుకు ఎవరూ దండ వేయరు. పైగా "నీకు తప్ప ఎవరికీ తగల్లేదే" అంటారు.

నేను గెలిచిన గెలుపులు కొన్ని ఉన్నాయి. వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒక తెల్లటి ఖాళీ పేజీ గురించి. అది మొదలుపెడితే చాలు మా ఆయన లేచి బాల్కనీలోకి వెళ్లిపోతాడు. అన్నిసార్లు చెప్పాను. మీరు కొత్తవాళ్లు కాబట్టి కూర్చోండి.

తెర కాదు, మొహం చూడు

నా మొదటి బాస్ ఫిలోమినా మేడమ్. గట్టి మనిషి, నవ్వడం తక్కువ. నేను చేరిన కొత్తలో ఒక బిల్లింగ్ ప్రోగ్రాం ఎలా పనిచేస్తోందో చూడమని నన్ను టి. నగర్‌లో ఒక చీరల కొట్టుకు పంపింది. నేను బిల్లులు వేసే అమ్మాయి పక్కన కూర్చుని తెరమీద వచ్చిన ప్రతి తప్పూ రాసుకొచ్చాను. చాలా తప్పులు పట్టానని నాకు గర్వం.

మేడమ్ అంతా విని, ఆ అమ్మాయి ఎప్పుడు మొహం చిట్లించింది అని అడిగింది. నేను చూడలేదు. తెర సంగతి ఆఫీసులో కూర్చుని కూడా చూడవచ్చు, అంతదూరం వెళ్లింది మనిషిని చూడటానికి అంది. మర్నాడు మళ్లీ పంపింది. ఈసారి అమ్మాయి మొహమే చూశాను. నేను పట్టిన తప్పులు దేనికీ ఆమె చిరాకు పడలేదు. ప్రతి బిల్లు చివరా వచ్చే "ధన్యవాదాలు" పెట్టెను మూసేటప్పుడు మాత్రం పళ్లు నూరింది. ఆ పెట్టె మా ఆఫీసులో అందరికీ ముద్దు.

ఆ పాఠం నేను ఎప్పటికీ మరిచిపోలేదు. మీరూ మరవకండి. మనిషి నోరు మొహమాటానికి "బాగుంది" అంటుంది, కళ్లకు మొహమాటం తెలియదు.

అందరూ శాకాహారులే

ఉద్యోగం చివరి భాగంలో నేను పనిచేసింది రాసుకునే ఎడిటర్ తయారుచేసే కంపెనీలో. ఆళ్వార్‌పేటలో ఆఫీసు. ఎడిటర్ అంటే మరేం లేదు, కంప్యూటర్లో కాగితం. దాంట్లో మేం గొప్పగా చెప్పుకునేది ఫోకస్ మోడ్. ఒక్క మీట నొక్కితే పైనున్న బొమ్మలూ, పక్కనున్న పట్టీలూ అన్నీ మాయమై, తెల్లటి పేజీ ఒకటే మిగలాలి. రాసేవాళ్లకూ రాతకూ మధ్య ఇంకేమీ ఉండకూడదు. అది ఆశయం.

ఆశయం బాగానే ఉంది. కానీ మౌస్ కాస్త కదిలితే దాక్కున్న పట్టీలన్నీ మెల్లగా తొంగిచూసేవి. మూలన మాటల లెక్క టిక్కు టిక్కుమని పెరిగేది. స్పెల్లింగ్ సరిచూసే భాగానికి ఇంగ్లీషు తప్ప రాదు కాబట్టి, తెలుగులో ఏం రాసినా కింద ఎర్రగీత వచ్చేది. పేజీ నిండా ఎర్రచీమలు పాకినట్టుండేది. కాసేపు ఆపకుండా రాస్తే "మీరు ఏకాగ్రతతో ఉన్నారు" అని అభినందిస్తూ ఒక చీటీ పైకి లేచేది. ఉన్న ఏకాగ్రత దాంతో పోయేది.

మీటింగులో అడిగితే ఎవరికి వాళ్లు తమ ముక్క చాలా చిన్నదన్నారు. పట్టీలు చేసినవాడు చీటీ తీసేయమన్నాడు, చీటీ చేసినవాడు లెక్క తీసేయమన్నాడు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

మా బాస్ రఘునాథన్ గారు మంచివారే. కానీ ఆయనకో అలవాటు ఉండేది. ఎవరు ఏ ఫిర్యాదు చేసినా, సరే, దానికొక స్విచ్ పెట్టండి అనేవారు. ఇష్టమున్నవాడు వేసుకుంటాడు, లేనివాడు ఆపుకుంటాడు, ఎవరి మనసూ నొవ్వదు అని ఆయన లెక్క. ఎర్రగీతకో స్విచ్, మాటల లెక్కకో స్విచ్, చీటీకో స్విచ్. చివరికి స్విచ్‌లన్నీ పట్టక సెట్టింగుల పేజీకి లోపల ఇంకో పేజీ కట్టారు. చెత్త దాచడానికి పెట్టిన బుట్టలతో ఇల్లంతా నిండిపోయింది.

ఈ తప్పు మన వృత్తివాళ్లు మాత్రమే చేస్తారు. ఎందుకంటే మన దగ్గర ఏదైనా చేర్చినవాడికి పేరు వస్తుంది, తీసేసినవాడికి రాదు. "ఇది నేను పెట్టాను" అని చూపించవచ్చు. "ఇక్కడున్నది నేను తీసేశాను" అని ఎవరికి చూపిస్తావు?

మైలాపూరు మేడమీద

ఇలా ఉండగా ఒక ఫిర్యాదు వచ్చింది. తెలుగులో, ఒకే వాక్యం: "మీ ఖాళీ పేజీ ఖాళీగా లేదు." వాడటం తెలియక అన్నారని రాసి మావాళ్లు దాన్ని మూసేశారు. నాకు ఆ వాక్యం నచ్చింది. ఫోన్ చేశాను.

రాసినావిడ పేరు వసుంధర. నెల్లూరు వైపునుంచి వచ్చి మద్రాసులోనే స్థిరపడ్డ కుటుంబం, మైలాపూరులో మాడవీధి వెనక సందులో మేడమీద ఇల్లు. తమిళంలో ఆడిన సీరియల్‌ను తెలుగులో మళ్లీ తీస్తుంటే, దానికి సంభాషణలు రాస్తుంది. కొన్నాళ్ల క్రితం పాండీ బజారులో స్కూటర్ తగిలి పడిపోయింది. తలకు దెబ్బ, కుడి మణికట్టు విరిగింది. చెయ్యి అతుక్కుంది గానీ కలం పట్టుకుంటే బొటనవేలు నిలవదు. టైపు చేయగలదు. అయితే తల ఇంకా కుదుటపడలేదు. కళ్ల ముందు ఏ కాస్త కదిలినా తల దిమ్మెక్కి, అనుకున్న మాట జారిపోతుంది. అక్క కొడుక్కి చెప్పి రాయిద్దామంటే వాడు ఏడుపు సీనులో నవ్వాడట.

సీరియల్ వాళ్లు ఇన్నాళ్లూ ఓపిక పట్టారు. సోమవారానికి ఎపిసోడ్ చేతికి రాకపోతే వేరే రచయితను చూసుకుంటామని చెప్పేశారు. "అది పోతే నాకు ఇంగొకటి రాదు మా," అంది ఫోన్లో. ఏడవలేదు. మామూలుగానే అంది.

అది బుధవారం. మర్నాడే మురళిని వెంటబెట్టుకుని ఆటో ఎక్కాను. మురళి ఫోకస్ మోడ్ రాసిన ప్రోగ్రామర్. సౌకార్‌పేటలో పాత్రల వ్యాపారం చేసే తెలుగువాళ్ల అబ్బాయి. తెలివైనవాడు, కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

వెళ్లగానే వాడు ఆమె లాప్‌టాప్ తీసుకుని మా స్విచ్‌లన్నీ ఒక్కొక్కటే ఆపుతూ వచ్చాడు. పట్టీలు, లెక్క, ఎర్రగీత, చీటీ, చివరికి కర్సర్ మినుకుమినుకుమనడం కూడా. వసుంధర గారు పక్కన నిలబడి చూస్తూ, ఇన్ని మీటలు వెతికి ఆపేంత తల నాకుంటే మీతో పనేముంది నాయనా అంది. మురళి వినిపించుకోలేదు. మొత్తానికి పేజీ తెల్లగా తేలింది. వాడు కుర్చీ జరిపి ఇక రాయమన్నాడు.

ఆవిడ రాసింది. రెండు వాక్యాలు సాగాయి, మూడో దానిలో ఆగిపోయింది. కళ్లు మూసుకుని కణతలు నొక్కుకుంది.

"ఆడ ఏందో కదలతా ఉండాది మా," అంది నాతో.

"ఈడ ఏమీ కదల్లేదు మేడమ్," అన్నాడు మురళి. "అన్నీ ఆపేసినాను. సుమ్మా అట్ల అనిపిస్తా ఉండాది మీకు."

దెబ్బ తిన్న తల కాబట్టి ఆమెకు ఊరికే అలా అనిపిస్తోందని వాడి ఉద్దేశం. ఆవిడ మొహం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండింది.

బొట్టుబిళ్ల

మురళిని నోరు మూసుకోమని, ఆమెను మళ్లీ రాయమన్నాను. తెరవైపు చూడకుండా లాప్‌టాప్ పక్కకు కుర్చీ తిప్పి వేసుకుని ఆమె కళ్లనే చూస్తూ కూర్చున్నాను. అక్షరాలతోపాటు కళ్లు పక్కకు జరుగుతున్నాయి. అది సహజమే. కానీ ఉన్నట్టుండి ఒకసారి పైకి ఎగిరి దిగాయి. కాసేపటికి మళ్లీ. రాసే మనిషి కళ్లు పక్కకు పోవాలి గానీ పైకెందుకు ఎగరాలి?

మన కళ్లకు అందనంత చిన్న కదలిక ఏదో ఉందని అర్థమైంది. దాన్ని పట్టుకోవాలంటే పక్కన కదలనిది ఒకటి ఉండాలి. చేతికి ఏమీ దొరకలేదు. నా నుదుటి మీదున్న బొట్టుబిళ్ల తీసి, ఆమె రాస్తున్న వాక్యానికి సరిగ్గా అడుగున తెరమీద అంటించాను. వసుంధర గారు ఫక్కున నవ్వింది. పడ్డ తర్వాత అంత బిగ్గరగా నవ్వడం అదే మొదలని తర్వాత చెప్పింది.

"ఇప్పుడు రాయండి," అన్నాను. "మురళీ, నువ్వు బొట్టు చూడు."

ఆమె రాసింది. "అమ్మ" అనే మాట వచ్చింది. మకు కింద మవత్తు పడగానే వాక్యం మొత్తం బొట్టుకు పైకి ఓ వెంట్రుకవాసి ఎగిరింది. ఆ మాట చెరిపితే మళ్లీ దిగింది. మళ్లీ రాస్తే మళ్లీ ఎగిరింది. మురళి తెరకు ముక్కు ఆనించేంత దగ్గరగా వంగాడు.

"అయ్యో," అన్నాడు చివరికి. "ఆమె చెప్పింది కరెక్టే మేడమ్. పేజీ ఎగరతా ఉండాది."

కారణం వాడే అక్కడికక్కడే చెప్పాడు. మా పేజీ ప్రతి వరుసకూ ఇంగ్లీషు అక్షరానికి సరిపోయేంత ఎత్తే ఇచ్చింది. కింద వత్తు రాగానే చోటు చాలక వరుస లావెక్కుతుంది. పైగా ఫోకస్ మోడ్‌లో రాస్తున్న వరుస ఎప్పుడూ పేజీ నడుమే ఉండాలి కాబట్టి, లావెక్కిన ప్రతిసారీ పేజీ మొత్తాన్ని ఓ వెంట్రుకవాసి పైకి లాగుతుంది. తెలుగు రాసేవాళ్లకు వత్తు లేకుండా ఎంతసేపు గడుస్తుంది? ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అది తెలియకుండానే విసుగు పుట్టించేది. ఆమెకు తల తిప్పేసేది.

మరి ఇన్నాళ్లూ మాకెందుకు కనిపించలేదు? ఆఫీసులో సగంమంది తెలుగువాళ్లం, సగంమంది తమిళులు. టిఫిన్ డబ్బా తెరిస్తే నోట్లోంచి ఇంగ్లీషు ముక్క రాదు. కానీ పరీక్షించడానికి కూర్చుంటే మాత్రం మాలో ప్రతి ఒక్కరి వేళ్లూ అవే ఇంగ్లీషు వాక్యాలు కొట్టేవి. ఇంగ్లీషంటే పని, తెలుగంటే ఇల్లు అని మా వేళ్లకు అలవాటైపోయింది. తెలుగులో రాయవచ్చని డబ్బా కొట్టుకున్న ఎడిటర్‌లో తెలుగులో ఒక పేజీ రాసినవాళ్లు మాలో ఒక్కరూ లేరు. ఇంతకన్నా సిగ్గుచేటు ఉంటుందా?

అయితే ఆ మేడమీద నాకు సిగ్గుకన్నా సంతోషమే ఎక్కువ కలిగింది. ఆవిడకు పిచ్చి పట్టలేదు. తల చెడిపోలేదు. ఆవిడ కళ్లు మా అందరి కళ్లకంటే బాగున్నాయి. ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

స్విచ్ వద్దు

మురళి మూడు కాళ్ల కుందేలును వదిలేసి బుద్ధిగా కూర్చున్నాడు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా వత్తు వచ్చినా రాకపోయినా ప్రతి వరుసకూ ముందే చోటు వదిలేలా మార్చాడు. బొట్టు పెట్టి చూశాం. క్ష్మ రాసినా స్త్రీ రాసినా పేజీ రాయిలా నిలబడింది.

రఘునాథన్ గారికి చూపిస్తే మెచ్చుకున్నారు. మెచ్చుకుని, చాలా బాగుంది, దీనికొక స్విచ్ పెట్టండి అన్నారు. వరుసల మధ్య ఎడం పెరిగింది కాబట్టి ఇంగ్లీషులో రాసేవాళ్లు గొణుగుతారట. మామూలుగా ఆపి ఉంచుదాం, కావలసినవాళ్లు వెతికి వేసుకుంటారు అన్నారు. ఇల్లు అలకగానే పండగ కాదని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

నేను టెస్టింగ్ తరఫున సరే అంటే తప్ప మార్పు బయటికి పోదు. స్విచ్ పెడితే సరే అననని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయారు. ఒక్క కస్టమర్ కోసం ఇంత పట్టుదలా పద్మా అని అడిగారు. ఒక్కరు కాదు సార్, ఆమె ఒక్కరే చెప్పగలిగారు అన్నాను. మాట పెరిగింది. ఆయన ఊళ్లో ఎవరితోనూ గొంతు పెంచని మనిషి, ఆ రోజు పెంచారు. నేనూ తక్కువ తినలేదు. చివరికి, మీరే కళ్లారా చూడండి, ఆ తర్వాత ఏం చెప్పినా వింటాను అన్నాను.

శనివారం సెలవైనా ఆఫీసు తెరిపించాను. వసుంధర గారిని ఆటోలో తీసుకొచ్చాను. ఆమె సంచీలో తమిళ స్క్రిప్టు తెచ్చుకుంది. సోమవారానికి ఇవ్వాల్సిన ఎపిసోడ్ ఒక్క సీను కూడా కదల్లేదు. మీటింగు గదిలో ఆమె, నేను, మురళి, రఘునాథన్ గారు.

ముందు పాతది తెరిచాం. ఆమె రెండు వాక్యాలు రాసి కళ్లు మూసుకుంది. రఘునాథన్ గారు మర్యాదగా తల ఊపారు, కానీ మనసులో ఏమనుకున్నారో తెలియలేదు. తర్వాత కొత్తది తెరిచాం.

ఆమె మొదట జంకుతూ కొట్టింది. ఒక వరుస, రెండు. కదలనిదేదో కాలికింద దొరికిందని ఒళ్లు నమ్మడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత వేళ్లు ఊపందుకున్నాయి. పెదవులు కదులుతున్నాయి. పాత్ర గొంతులో మాట పలికి చూసుకుంటూ, తల అడ్డంగా ఆడించి చెరుపుతూ, మళ్లీ రాస్తూ పోయింది. తమ్ముడి చదువు కోసం పెళ్లి వాయిదా వేసుకున్న అమ్మాయి మొదటిసారి ఇంట్లో ఎదురు తిరిగే సీను అది. మేమెవరమూ ఆ గదిలో ఉన్నామని ఆవిడకు గుర్తు లేదు.

రఘునాథన్ గారు వాచీ చూసుకున్నారు. చూడాల్సింది చూసేశామని, మాట్లాడదామని గొంతు సవరించుకుని, "మేడమ్, ఇప్పుడు..." అని మొదలుపెట్టారు.

ఆమె తెరమీంచి కళ్లు తిప్పకుండానే ఎడం చెయ్యి పైకెత్తింది.

"కాస్త ఉండండి సార్. ఆ పిల్ల ఇంకా మాట్లాడతా ఉండాది."

రఘునాథన్ గారికి తెలుగు అర్థమవుతుంది. ఆయన ఒకసారి తలుపువైపు చూశారు, ఏ పిల్ల వచ్చిందా అని. తర్వాత అర్థమై కూర్చుండిపోయారు. ఆ కంపెనీలో ఆయన్ను మాట మధ్యలో ఆపినవాళ్లను నేను అంతవరకూ చూడలేదు. ఆ ఆపినావిడ రెండు రోజుల క్రితం మూడో వాక్యం రాయలేక కణతలు నొక్కుకుంటున్న మనిషి. మురళి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాకు లేచి గంతులు వేయాలనిపించింది.

ఆయన నెమ్మదిగా లేచి, చప్పుడు కాకుండా కుర్చీ జరిపి, మమ్మల్ని బయటికి రమ్మని సైగ చేశారు. వరండాలోకి వచ్చాక, తమిళంలో, స్విచ్ వద్దు అన్నారు. కాస్త ఆగి, మిగతా స్విచ్‌లు కూడా ఎన్ని తీయగలమో చూడండి అన్నారు. అంతటి మనిషి తన అలవాటు తానే తెంచుకోవడం చిన్న విషయం కాదు. అందుకే ఆయన్ను మంచి బాస్ అంటున్నాను.

గది ఆమెకే వదిలేసి మేం ముగ్గురం కిందికి వెళ్లి కాఫీ తాగాం. తిరిగొచ్చేసరికి కూడా ఆవిడ తల ఎత్తలేదు. వెళ్లేటప్పుడు కొత్తది ఆమె లాప్‌టాప్‌లోనూ వేసి పంపాం.

ఆ తర్వాత మురళీ నేనూ స్విచ్‌ల మీద పడ్డాం. పాకే ఎర్రగీతలు పోయాయి, అభినందించే చీటీ పోయింది, తొంగిచూసే పట్టీలు పోయాయి. దాచలేదు, పూర్తిగా తీసేశాం. సెట్టింగుల లోపలి పేజీ ఖాళీ అయిపోయి, దాన్నీ పీకేశాం. ఇంగ్లీషువాళ్లు గొణుగుతారన్నది కూడా జరగలేదు. వాళ్లలోనూ కొందరు, ఎందుకో తెలియదు గానీ చదవడానికి హాయిగా ఉందని రాశారు. పిల్లలూ, ఈ వృత్తిలో ఎప్పుడైనా మీకు ఏదైనా తీసేసే అవకాశం వస్తే వదులుకోకండి. దానికి పేరు రాదు. కానీ ఆ రుచి వేరు.

వసుంధర గారు మంగళవారం ఫోన్ చేసింది. ఎపిసోడ్ సోమవారం పొద్దున్నే పంపేసిందట. సీరియల్ వాళ్లు చదివి, ఆ అమ్మాయి ఎదురు తిరిగే సీను ముందు అనుకున్నదానికంటే బాగుందని, తర్వాతి ఎపిసోడ్లు కూడా ఆమెనే రాయమన్నారట. ఇంక వేరేవాళ్ల మాటే లేదు. ఆ అమ్మాయి వాళ్ల అమ్మతో ఏమందో, తమ్ముడు ఎలా తలొంచుకున్నాడో, తర్వాత ఏం జరగబోతోందో పూసగుచ్చినట్టు చెప్పుకుపోయింది. నేను వింటూ వింటూ, ఆపుకోలేక అడిగాను. మా ఎడిటర్ ఎలా ఉంది, ఇంకా ఏమైనా కదులుతోందా అని.

"ఏ ఎడిటర్?" అంది. తర్వాత నవ్వింది. "ఓ, అదా. దాని సంగతే నాకు గుర్తుకు రాలేదు పద్మా."